ఎండిన వంక పక్కన ఇల్లు: కొనేముందు ఏం కొలవాలి

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల గురించి మాట వస్తే జైసల్మేర్ తర్వాత మన పేరే చెబుతారు. అలాంటి చోట ఇల్లు కొనేవాడికి నీటి భయం ఉండదు. చదునుగా, ఎండి, గట్టిగా కనిపించే స్థలం చూస్తే ఇక పరీక్షించేది ఏముందనిపిస్తుంది. కాగితాలు లాయరుకు చూపిస్తాడు, వాస్తు చూపిస్తాడు, ధర బేరమాడతాడు, అడ్వాన్సు ఇస్తాడు. నేలను మాత్రం కొలిపించడు, తవ్వించడు, గోడను పరీక్షింపజేయడు. నా వాదన ఏమిటంటే, వాన బాగా పడే కోస్తా జిల్లాల కంటే ఈ కరువు నేల మీదే కొనేముందు సర్వే అవసరం ఎక్కువ. కోస్తాలో నేల లోపాలను ఏటా వచ్చే వాన బయటపెడుతుంది. పల్లం ఏదో, నీరు నిలిచే చోటు ఏదో ఊరందరికీ తెలుస్తుంది. ఇక్కడ వరసగా నాలుగైదేళ్ళు వంకలో నీరు పారకపోవచ్చు. అన్నేళ్ళూ ఆ స్థలం చూసినవారికి అది వంక అన్న సంగతే గుర్తుండదు. కంటికి సాక్ష్యం దొరకని చోట కొలతే సాక్ష్యం.

గత కొన్నేళ్ళలో జరిగినవే చూడండి. 2021 నవంబరులో చిత్రావతి ఒక్కసారిగా పొంగి, నది మధ్యలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడాల్సి వచ్చింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప మరేమీ కనిపించని నది అది. 2022 అక్టోబరులో అనంతపురం నగరం మధ్యగా పోయే నడిమి వంక పొంగి, దాని ఒడ్డునున్న కాలనీలు నీట మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు పొంగి నగర శివారు కాలనీల్లోకి నీరు చేరింది. మూడూ కరువు జిల్లాలోనే జరిగాయి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మన వాన మొత్తం తక్కువే కానీ అది ఏడాది పొడవునా సమంగా పడదు. నైరుతి చివర, ఈశాన్యం మొదట్లో, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో కొద్ది రోజుల్లోనే పెద్ద భాగం కురిసిపోతుంది. వంద మిల్లీమీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు నేల మీద పడితే అది పది కోట్ల లీటర్ల నీరు. ఎర్రనేల పైపొర చినుకుల దెబ్బకు అట్ట కట్టి, నీటిని లోపలికి పోనివ్వదు. చాలా చోట్ల కొద్ది అడుగుల కిందే రాయి తగులుతుంది. చెట్టూ చేమా తక్కువ కాబట్టి పారే నీటిని ఆపేది లేదు. ఇంకే భాగం ఇంకగా మిగిలినదంతా గంటల్లోనే వంకలోకి దిగుతుంది. దానికి తోడు మన చెరువులు గొలుసు కట్టుగా ఉంటాయి. పై చెరువు మరువ పారితే కింది చెరువు నిండుతుంది, పై చెరువు గండి పడితే కింది చెరువుకూ ముప్పే. విజయనగర కాలంలో అనంతసాగరం, బుక్కరాయసముద్రం చెరువులు కట్టినవారికి ఈ నీటి నడక తెలుసు. అది మరచిపోయి వంకకూ చెరువుకూ మధ్య ఇళ్ళు కట్టింది ఆ తర్వాతి వాళ్ళే.

ఇల్లు కొనేవాడికి దీంట్లో పనికొచ్చే శాస్త్రం ఒకటుంది, దాని పేరు లెవెల్ సర్వే. సర్వేయర్ ఆటో లెవెల్‌తో గానీ టోటల్ స్టేషన్‌తో గానీ స్థలం నాలుగు మూలల ఎత్తు, ఎదురు రోడ్డు ఎత్తు, దగ్గరలోని వంక అడుగు ఎత్తు, దాని మీదున్న కల్వర్టు ఎత్తు కొలిచి ఒకే కాగితం మీద పెడతాడు. కంటికి చదునుగా కనిపించే ఎకరం స్థలంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు రెండు మూడు అడుగుల తేడా ఉండడం మామూలే. ఇంటి గడప కల్వర్టు పైకప్పు కంటే పల్లంలో ఉంటే, ఆ కల్వర్టుకు చెత్త అడ్డుపడ్డ రోజున నీరు ఎటు వస్తుందో ఊహించనక్కర్లేదు, అంకెలే చెబుతాయి. ఇదే పని రెవెన్యూ రికార్డుతో కలిపి చేయాలి. వంక పోరంబోకు, చెరువు పోరంబోకు అని పాత రిజిస్టర్లలో రాసి ఉన్న సర్వే నంబర్లు నేటి లేఅవుట్‌లో ఎక్కడ పడుతున్నాయో పటం మీద పటం పెట్టి చూడాలి. వంక ఎండి, చదును చేసి, ప్లాట్లు వేశాక మనిషి కంటికి ఆనవాలు మిగలదు. పటంలో మాత్రం వంక అలాగే ఉంటుంది, వాన వచ్చినప్పుడు నీరు కూడా ఆ దారినే వెతుక్కుంటుంది.

నీరు తర్వాత మట్టి. పాత ఉమ్మడి జిల్లా నేలలో దాదాపు ముప్పాతిక భాగం ఎర్రనేల, మిగతాది నల్లరేగడి. ఉత్తరాన గుత్తి, గుంతకల్లు, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి ఎక్కువ. ఎర్ర గరుసు నేల పునాదికి నమ్మకమైనది, కొద్ది లోతులోనే గట్టి పొర దొరుకుతుంది. నల్లరేగడి సంగతి వేరు. అందులోని బంకమట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని కణాలు పలుచని పొరల దొంతరలుగా ఉంటాయి, నీరు తగిలితే నీటి అణువులు ఆ పొరల సందుల్లోకి దూరి వాటిని ఎడంగా నెడతాయి. నేల ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుని, చేయి పట్టేంత వెడల్పు నెరలు విచ్చుతుంది. ఈ తడి ఆరుడు ప్రభావం సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుందని మన దేశంలో పునాదులు వేసేవారు లెక్కవేస్తారు. ఇల్లు కట్టాక ఇంటి నడిమి నేల తడి ఆరదు, ఎందుకంటే పైన కప్పు ఉంది. అంచుల్లో మాత్రం ఎండకు ఆరుతుంది, వానకు తడుస్తుంది. కాబట్టి బయటి గోడలు ఏటా లేస్తూ దిగుతూ ఉంటాయి, లోపలి గోడలు కదలవు. ఈ తేడాకే గోడ చీలుతుంది. చాలామంది అనుకునేదానికి విరుద్ధమైన సంగతి ఇంకొకటి ఉంది. నల్లరేగడిలో పెద్ద బరువైన భవనం కంటే చిన్న ఒంటి అంతస్తు ఇల్లే ఎక్కువ దెబ్బతింటుంది. ఉబ్బే మట్టి పైకి నెట్టే బలాన్ని అణచిపెట్టేంత బరువు దానికి ఉండదు. చిన్న ఇల్లేగా, పరీక్షలెందుకు అనే మాట ఈ నేల మీద పూర్తిగా తలకిందులు.

మట్టి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు కూడా. భారతీయ ప్రమాణాల్లో ఉబ్బు పరీక్ష ఒకటుంది. ఎండబెట్టి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో పోస్తారు. ఒకదానిలో నీరు, రెండోదానిలో కిరోసిన్ నింపి ఒక రోజు కదల్చకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. రెండింటి మట్టం తేడాయే ఆ నేల గుణం. అది యాభై శాతం దాటితే మామూలు పునాది చాలదని ఇంజనీరు జాగ్రత్త పడతాడు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తు ఉండే అండర్ రీమ్‌డ్ పైల్ పద్ధతిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చింది. కట్టిన ఇల్లు కొంటున్నా ఈ పరీక్ష చేయించవచ్చు, గోడ పక్కన ఒక గుంత తవ్వితే మట్టి రకం, పునాది లోతు రెండూ బయటపడతాయి. ఆ గుంతే ఇంకో నిజం కూడా చెబుతుంది. పల్లం స్థలాన్ని బయటి నుంచి తోలిన మట్టితో, కూల్చిన ఇళ్ళ శిథిలాలతో పూడ్చి ప్లాటు చేసి ఉంటే, పైన ఎర్రమట్టి పొర ఎంత అందంగా ఉన్నా రెండడుగుల కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తాయి. పూడ్చిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది.

ఇక హద్దులు. కొలత చరిత్రలో ఈ నేలకు గట్టి స్థానం ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక, దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలం పొలాన్నీ కొలిచే పని మొదలుపెట్టించాడు. అప్పటి గొలుసు పొడవు 33 అడుగులు. ఆ కొలతకు కారణం శిస్తు వసూలే అయినా, రైతు పేరుకూ నేల ముక్కకూ మధ్య లెక్క కట్టిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి. మరి కొన్నేళ్ళకే, 1811లో, మహా త్రికోణమితి సర్వే నడిపిన విలియం లాంబ్టన్ గుత్తి దగ్గర తన ఆధార రేఖల్లో ఒకదాన్ని కొలిపించాడు. ఎండకు ఉక్కు గొలుసు సాగుతుందని, ఆ వెంట్రుకవాసి తేడా వందల మైళ్ళ త్రికోణాల్లో పెద్ద తప్పుగా పెరుగుతుందని తెలిసి, లాంబ్టన్ తన ఆధార రేఖలు కొలిచేటప్పుడు గొలుసును పెట్టెల్లో ఆనించి, నీడ పట్టి, ఉష్ణోగ్రత రాసుకుంటూ కొలిపించేవాడు. పొలం కొలిచే గొలుసుకు అంత మర్యాద ఎవరూ చేయలేదు. దాని కడియాలు అరిగి గొలుసు సాగేది, గుట్ట మీద వాలుగా పట్టేవారు, ముళ్ళకంప అడ్డొస్తే పక్క నుంచి లాగేవారు. మన పాత కొలతల్లో తప్పులు రావడానికి సర్వేయర్ల నిజాయితీ లోపం కంటే ఇలాంటి భౌతిక కారణాలే ఎక్కువని నా నమ్మకం.

ఆ తప్పు పొలానికి పెద్దగా తగల్లేదు. ఐదెకరాల వేరుసెనగ చేనులో అడుగు అటూ ఇటూ అయితే గట్టు కాస్త జరుగుతుంది, అంతే. అదే చేను ప్లాట్లయినప్పుడు లెక్క మారిపోతుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. మూడు సెంట్ల ప్లాటు సుమారు ముప్ఫై అడుగులకు నలభైమూడున్నర అడుగులు. పొడుగు వైపు హద్దు ఒక్క అడుగు లోపలికి జరిగితే పదో వంతు సెంటు పోయినట్టే. ఇల్లు కట్టి ఉంటే గోడే పక్కవారి స్థలంలో పడుతుంది. పాత గ్రామ పటాలను మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీశారు. ఆ పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. అంటే పటంలో గీసిన గీత మందమే ప్లాటు హద్దుల తగాదాకు సరిపోతుంది. సెల్‌ఫోన్‌లో చూసి హద్దు చెప్పేవారున్నారు, ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. హద్దు తేల్చాలంటే సర్వేయర్ గ్రామ పటాన్ని వదిలి ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కు, అంటే ఎఫ్‌ఎంబీ చూడాలి. అందులో పొలం అడ్డంగా గీసిన జి-లైను, దాని నుంచి ప్రతి మలుపుకూ కొలిచిన ఆఫ్‌సెట్లు అంకెల్లో ఉంటాయి. ఆ అంకెలతో, ఇంకా నేల మీద మిగిలి ఉన్న పాత సర్వే రాళ్ళ నుంచి మొదలుపెట్టి హద్దును తిరిగి నిలబెడతాడు. ఒక్క రాయిని నమ్మితే చాలదు, రాళ్ళను జరిపే చేతులు ఉంటాయి. మూడు రాళ్ళు ఒకదానికొకటి సరిపోతేనే కొలత నిలుస్తుంది.

ఇక్కడ దస్తావేజు రాసే తీరు గురించి ఒక మాట. తూర్పున ఫలానావారి స్థలం, పడమట రస్తా అని నాలుగు దిక్కుల చెక్కుబంది రాసి, కింద విస్తీర్ణం వేస్తారు. చెక్కుబందికీ విస్తీర్ణానికీ పొసగకపోతే కోర్టులు సాధారణంగా చెక్కుబందికే మొగ్గు చూపుతాయి. కాగితంలో ఐదు సెంట్లని ఉన్నా, నాలుగు దిక్కుల మధ్య నేల నాలుగున్నరే ఉంటే కొన్నవాడికి దక్కేది నాలుగున్నరే. ఆ అర సెంటు డబ్బు ఇచ్చాక తెలియడం కన్నా ముందు తెలియడంలోనే ఉంది సర్వే విలువ అంతా.

కట్టిన ఇల్లయితే గోడల సాక్ష్యం కూడా వినాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే బీట పునాది ఒకవైపు కుంగిందని చెబుతుంది. స్లాబుకూ గోడకూ మధ్య అడ్డంగా పోయే సన్నగీత ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల రావచ్చు, దానికి భయపడనక్కర్లేదు. రెండూ కొత్త రంగు కింద ఒకేలా మాయమవుతాయి. ఇంజనీరు బీట వెడల్పు కొలుస్తాడు. మిల్లీమీటరు లోపుదైతే చాలావరకు రంగుకు సంబంధించిన బాధ, ఐదు మిల్లీమీటర్లు దాటితే కట్టడానికి సంబంధించిన బాధ. కాంక్రీటులో ఇనుము సంగతి తెలుసుకోవడానికి ఒక చిన్న ముక్క చెక్కి దాని మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారగుణం నిలిచి ఉన్న కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు మారుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువు చొరబడి ఆ గుణం పోయిన చోట రంగు రాదు. రంగు రాని పొర ఇనుప చువ్వ దాకా చేరి ఉంటే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే. మన జిల్లాకు ఇంకో బెడద ఉంది. లోతు బోర్ల నీటిలో లవణాలు ఎక్కువ, నిర్మాణమంతా ఆ నీటితోనే సాగుతుంది. ఇనుము వాడే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం 456 చెబుతోంది. క్లోరైడు చువ్వను కాపాడే పలుచని పొరను తొలుస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి స్లాబును లోపలి నుంచి పగలగొడుతుంది. పాత మట్టిమిద్దెలు, రాతి గోడల ఇళ్ళకు ఈ జబ్బు లేదు. వాటి బలహీనత గోడ అడుగున చేరే తేమ. చూడాల్సింది మన ఇంటినే కాదు. 2021 నవంబరు వానలకు కదిరిలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి పక్క ఇళ్ళ మీద పడింది, నిద్రలో ఉన్నవారు చనిపోయారు. పక్క స్థలంలో ఏం కడుతున్నారు, దాని పునాది కోసం మన గోడ పక్కన ఎంత లోతు తవ్వారు అన్నది కూడా సర్వేలో భాగమే.

బోరు గురించి క్లుప్తంగా చెబుతాను. మన కింద ఎక్కువ చోట్ల ఉన్నది నీస్, గ్రానైటు రాయి. నీరుండేది దాని పగుళ్ళలోనే, కాబట్టి పక్కింటి బోరులో నీళ్ళున్నాయంటే మన బోరులో ఉంటాయని కాదు. డిసెంబరులో మోటారు వేసి చూపిస్తే నమ్మకూడదు, మే నెలలో గంటసేపు ఆడించి చూడాలి. ఫ్లోరైడు పరీక్ష తప్పనిసరి. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, జిల్లాలో చాలా ఊళ్ళ నీరు ఆ గీత దాటుతుంది.

ఇంతా చెప్పాక వచ్చే మొదటి అభ్యంతరం, రిజిస్ట్రేషన్ ఉంది కదా, బ్యాంకు లోను ఇచ్చింది కదా అని. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు చేసేది దస్తావేజును నమోదు చేయడం. 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూస్తారు, స్థలానికి వచ్చి టేపు పట్టరు. బ్యాంకు వాల్యుయర్ చూసేది అప్పు తిరిగి రాకపోతే అమ్మితే ఎంత వస్తుందన్నది. అది బ్యాంకు క్షేమం కోసం చేసే పరిశీలన, కొనేవాడి కోసం కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం కొనేవాడు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని లోపాలను అమ్మేవాడు చెప్పి తీరాలి. దీని అవతలి అర్థం బరువైనది. మామూలు శ్రద్ధతో తెలిసే లోపాన్ని చూసుకోకపోతే తర్వాత అడిగే హక్కు బలహీనపడుతుంది.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. ప్రభుత్వమే డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే కోర్స్ స్టేషన్లతో రీసర్వే చేసింది కదా, మళ్ళీ సొంత ఖర్చుతో సర్వే ఎందుకు? 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్ళపాడులో మొదలైన ఆ రీసర్వే సాంకేతికంగా పెద్ద ముందడుగు. సెంటీమీటర్ల లెక్కలో అక్షాంశ రేఖాంశాలు దొరకడం మన్రో గొలుసు ఊహించలేని సంగతి. అయితే డ్రోను చూసేది నేల మీద కనిపించే గట్టును. ఆ గట్టు సరైన చోట ఉందా అన్నది పాత రికార్డుతో, ఇరుగుపొరుగు సమక్షంలో తేల్చాల్సిన ప్రశ్న. ఒకే ఎల్‌పీఎం (భూ ఖండ పటం) నంబరు కింద పలువురి భూములు కలిపి వేసినచోట రైతులు పడ్డ ఇబ్బందులు ఊరూరా వినిపించాయి. పైగా మట్టి కిందిది, గోడ లోపలిది ఏ డ్రోనుకూ కనిపించదు. రీసర్వే పటం చేతిలో ఉంటే మన సర్వేయర్ పని సులువవుతుంది, అంతవరకు మేలే.

ఖర్చు సంగతి మూడోది. లెవెల్ సర్వే, హద్దుల కొలత, ఒక గుంత, ఒక ఇంజనీరు పూట పని, నీటి పరీక్ష అన్నీ కలిపినా ఇంటి ధరలో అది చిన్న భాగమే, చాలాసార్లు దస్తావేజు స్టాంపు డ్యూటీ కంటే తక్కువ. అయినా పేదవాడికి అది బరువే, ఒప్పుకుంటాను. అందుకు స్కాట్లండ్‌లో ఒక దారి వేశారు. అక్కడ 2008 డిసెంబరు నుంచి ఇల్లు అమ్మేవాడే సర్వే నివేదిక తయారుచేయించి కొనేవారికి చూపించాలి. పదిమంది కొనేవాళ్ళు పది సర్వేలు చేయించే బదులు ఒక్క సర్వే చాలుతుంది. మన దగ్గర ఇళ్ళు పరీక్షించే వృత్తికి లైసెన్సు, నియమావళి లేకపోవడం నిజమైన లోటు. కొలతకు లైసెన్స్‌డ్ సర్వేయరును, కట్టడానికి స్ట్రక్చరల్ ఇంజనీరును విడివిడిగా పిలవాల్సి వస్తోంది. లేఅవుట్లకు అనుమతిచ్చే అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) లాంటి సంస్థలు ప్లాట్ల పటంతో పాటు లెవెళ్ళ పటం, మట్టి నివేదిక కూడా బహిరంగంగా పెట్టించగలిగితే కొనేవాడి భారం సగం తగ్గుతుంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చాక జాతీయ రహదారి పొడవునా చేలు ప్లాట్లుగా మారుతున్న వేగం చూస్తే, ఈ పని ఆలస్యం చేయకూడనిది.

చివరిది మొహమాటం. తెలిసినవాళ్ళ దగ్గర కొంటూ కొలతలు తీయిస్తే నమ్మనట్టు అవుతుందని చాలామంది వెనకాడతారు. అమ్మేవాడికి కూడా తన స్థలం అసలు కొలత తెలియకపోవచ్చు. తండ్రి చెప్పిన ఐదు సెంట్లు ఆయన నిజమని నమ్మే చెబుతాడు. కొలిపించడం ఆయన మాటను పరీక్షించడం కాదు, ఇద్దరికీ తెలియనిదాన్ని ఇద్దరూ కలిసి తెలుసుకోవడం. ఆ పనికి చోటు అగ్రిమెంటులోనే ఉంది. నామమాత్రపు అడ్వాన్సు ఇచ్చి, సర్వేయర్, ఇంజనీరు నివేదికలు వచ్చేదాకా నెల గడువు రాసుకోవాలి. కొలతలో తేలిన విస్తీర్ణానికే సెంటు ధర కట్టాలని, పోరంబోకులో గానీ నిషేధిత జాబితాలో గానీ స్థలం పడితే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని అందులో స్పష్టంగా రాయాలి. హద్దులు కొలిచే రోజు నాలుగు వైపుల ఇరుగుపొరుగుకు ముందే కబురు పెట్టి, వారి ఎదుట రాళ్ళు పాతించి, కొలతల పటం మీద వారి సంతకాలు తీసుకుని, ఆ పటాన్ని దస్తావేజుకు జతచేసి రిజిస్టరు చేయించాలి.